వ్యాసరచన పోటీలో మా అమ్మాయి రాసింది "విధానం కాదు" అన్నారు. మీరేమంటారు?

సీమనాన్న
డిసెంబర్ 14 ఇంధన పొదుపు దినోత్సవానికి మా దగ్గర ఇంటర్ పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. అంశం "పునరుత్పాదక ఇంధన విధానం, మన రాష్ట్రం". మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. గంటన్నర టైం, నాలుగు పేజీలు.

తను రాసింది మా అమ్మ ఉండే ఊరి గురించి. ఆ ఊరి పక్కన సోలార్ పార్కు వచ్చింది. పట్టా ఉన్నవాళ్లకు ఎంతో కొంత డబ్బు ముట్టింది. మా అమ్మకి పొలం లేదు, పన్నెండు మేకలున్నాయి. ఊరి బీట్లో మేపుకునేది. ఇప్పుడు ఆ బీడు చుట్టూ కంచె. మేకల్ని తోలుకుని రెండు మైళ్లు చుట్టు తిరిగి వాగు అవతలికి పోవాలి, పొద్దు వాలేలోపు మళ్లీ అంతే దూరం రావాలి. అదంతా రాసి, చివర్లో "భూమి ఉన్నవాళ్లనే కాదు, ఆ భూమిని వాడుకునేవాళ్లని కూడా పాలసీ లెక్కలోకి తీసుకోవాలి" అని ముగించింది.

జడ్జీల్లో ఒకాయన పిలిచి "బాగా రాశావమ్మా, కానీ ఇది కథ, విధానం మీద వ్యాసం కాదు" అన్నారట. సరే, ప్రైజు రాలేదు, దానికి బాధ లేదు. ఫస్ట్ వచ్చిన వ్యాసం స్టేజీ మీద చదివించారు. "నేటి ఆధునిక యుగంలో" అని మొదలై, మధ్యలో "2022 నాటికి భారతదేశం 175 గిగావాట్ల లక్ష్యాన్ని చేరుకోబోతోంది" అని వచ్చింది. ఇది 2025 డిసెంబర్! హాలంతా చప్పట్లు. మా అమ్మాయి నా వైపు తిరిగి చూసిన చూపు ఇంకా కళ్ల ముందే ఉంది.

జనవరిలో ఇంకో పోటీ ఉంది, ఇదే అంశం, వెయ్యి పదాలు, ఇంటి దగ్గర రాసి పంపాలి. "ఈసారి నేనూ బట్టీ పట్టేయనా నాన్నా?" అంటోంది. ఏం చెప్పమంటారు?

గుంటూరు_కోచింగ్
బట్టీ పట్టమనండి. పోటీ అంటే పోటీయే. జడ్జి ఏం కోరుకుంటాడో అది రాయాలి. సొంత ఆలోచనలకు డైరీ ఉంది.

ఫిజిక్స్_మేడం
పదహారేళ్ల పిల్ల "ఆ భూమిని వాడుకునేవాళ్లు" అనే మాట పట్టుకుందా! దయచేసి బట్టీ పట్టించకండి.

తెలుగు_పంతులు
నేను పన్నెండేళ్లుగా ఇలాంటి పోటీలకు పేపర్లు దిద్దుతున్నాను, అటు పక్క సంగతి కూడా చెప్తాను. మధ్యాహ్నం రెండింటికి నూట నలభై పేపర్లు చేతికిస్తారు, ఐదింటికి ఫలితాలు చెప్పాలి, ఆరింటికి ముఖ్య అతిథి వెళ్లిపోతారు. ఒక్కో పేపరుకు నిమిషం పైన కొంచెం. ఆ నిమిషంలో కంటికి కనిపించేవి దస్తూరి, ఉపశీర్షికలు, అంకెలు, చివర్లో ఒక నినాదం. 175 తప్పా ఒప్పా అని ఆగి చూసే తీరిక ఉండదు. అది మా తప్పే, కాదనను. నేను కూడా అలాంటి వాటికి మార్కులు వేసి ఉంటాను.

కానీ ఆ జడ్జి అన్న మాటలో కొంత నిజముంది. "విధానం" అన్న మాటకి అర్థం ఉంది కదా. అవ్వకు కష్టమొచ్చింది, నిజమే. ఆ కష్టం ఏ నిబంధన వల్ల వచ్చింది, ఏ నిబంధన మారిస్తే పోతుంది? అది లేకపోతే ఎంత బాగా రాసినా అది అవ్వ మీద వ్యాసమే అవుతుంది.

సీమనాన్న
పంతులుగారూ, మీరు చెప్పింది తనకి చదివి వినిపించాను. కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత "కరెక్టే" అంది.

సబ్‌స్టేషన్_సుబ్బయ్య
నేను 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ని. పిల్లల వ్యాసాల్లో ఎప్పుడూ కనపడని సంగతి ఒకటి చెప్తాను, పనికొస్తే వాడుకోమనండి.

మా చిన్నప్పుడు వ్యవసాయానికి కరెంటు రాత్రి పూట ఇచ్చేవాళ్లు. మా నాన్న అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటార్ వేయడానికి పోయేవాడు. ఆయన వచ్చేదాకా మా అమ్మ నిద్రపోయేది కాదు. మా వీధిలోనే ఒకాయన బోరు దగ్గర పాము కరిచి చనిపోయాడు. ఇప్పుడు మా ఫీడర్‌లో రైతులకు పగలే తొమ్మిది గంటలు ఇస్తున్నాం. పగలు అంత ఇవ్వగలగడంలో సోలార్ చెయ్యి పెద్దదే. పాలసీ అంటే ఇది కూడా.

ఇక రెండో వైపు. సాయంత్రం ఐదున్నరకి మా మీటర్లు చూస్తే అర్థమవుతుంది. సోలార్ పడిపోతూ ఉంటుంది, ఇళ్లల్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీలు, మిక్సీలు ఒక్కసారిగా లేస్తాయి. ఆ నాలుగైదు గంటలు ఎవరు మోస్తారు? బొగ్గు, నీళ్లు. అందుకే పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలే పంప్డ్ స్టోరేజ్ మీద ఇంత దృష్టి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్లది పెట్టింది అందుకే. అసలు ఇది కొత్తదేం కాదు, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి, ఆరూ వెనక్కి తిరిగి నీళ్లు తోడగలిగేవే.

మార్కాపురం_మధు
సుబ్బయ్యగారు రాసిందే ఒక వ్యాసం. ప్రైజు ఆయనకిచ్చేయండి 🙂

రామగుండం_రవళి
నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఇట్లాంటి పోటీలోనే ఫస్ట్ ప్రైజు కొట్టిన. పూర్తిగా బట్టీ. మా సార్ ఇచ్చిన నోట్స్ మొత్తం దింపేసిన. షీల్డు ఇంకా మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది, అందులో ఏం రాసిన్నో ఒక్క లైను కూడా గుర్తు లేదు.

అప్పుడే మా ఊళ్లో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ కడుతున్నరు. 2022 జులైలో మొత్తం మొదలైంది. నేను రోజూ ఆ కట్ట పక్క నుంచే కాలేజీకి పోయేదాన్ని. నీళ్ల మీద పలకలు పరిచినట్టు ఉండేవి. అంత పెద్ద వింత కళ్ల ముందు పెట్టుకొని నేను రాసింది ఏంది? "సూర్యుడు శక్తికి మూలం" అని. భూమి అవసరం లేదు, నీళ్లు ఆవిరి కావడం తగ్గుతది, బొగ్గు కరెంటు కోసం వేసిన లైన్లే దానికీ పనికొస్తయి. ఇవన్నీ బీటెక్‌కి వచ్చినంక తెలిసినయి. మీ అమ్మాయి ఇప్పుడే చూస్తోంది, ఆపకండి అంకుల్.

గుంటూరు_కోచింగ్
రవళిగారికి ఆ షీల్డు రెజ్యూమెలో పనికొచ్చిందా లేదా? నిజం చెప్పండి.

రామగుండం_రవళి
లేదండీ. ఇంటర్వ్యూలో "ఆ వ్యాసంలో మీ వాదన ఏంటి" అని అడిగిన్రు. నోరు తెరవలేకపోయిన. అందుకే పోస్టు పెట్టిన.

గాలిమర_సీను
అనంతపురం వైపు గాలిమరల సర్వీసింగ్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. అందరూ సోలార్ గురించే మాట్లాడుతున్నారు, గాలిని కూడా తలుచుకోండి. మా దగ్గర గాలి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా విరగబడి వీస్తుంది, మబ్బు పట్టి సోలార్ తగ్గే నెలలు కూడా అవే. రెండూ ఒకదానికొకటి తోడు.

ఇంకోటి, భూమి సంగతి. టవర్ కింద కొంచెం జాగా, దారి, అంతే. చుట్టూ వేరుశనగ వేసుకుంటూనే ఉంటారు. టవర్ నీడలో కూర్చుని ఎన్నోసార్లు వాళ్లతో కలిసి సంగటి తిన్నాను. సోలార్‌కి అలా కుదరదు, మెగావాట్‌కి నాలుగు నుంచి ఆరు ఎకరాలు పోతుంది. పాణ్యం దగ్గర 1,000 మెగావాట్ల పార్కుకి దాదాపు 6 వేల ఎకరాలు పట్టింది. అమ్మాయి అవ్వ కథకి ఈ తేడా కలిపితే అది పాలసీ అవుతుందేమో పంతులుగారూ?

తెలుగు_పంతులు
అవుతుంది. దారిలోకి వస్తున్నారు.

బిల్లు_భయం
గాలి అంటే గుర్తొచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలి, సోలార్ కరెంటు కొనుగోలు ఒప్పందాలు తిరగదోడిన సంగతి రాయమనండి. యూనిట్ 4 రూపాయల 80 పైసలకు పైగా పెట్టి పాతికేళ్లకు రాసిచ్చారు. తర్వాత బయట రేటు రెండున్నరకి దిగింది. ఆ తేడా ఎవరి బిల్లులో పడుతుంది? మనదే. తిరగదోడడం న్యాయం.

గాలిమర_సీను
ఒప్పందం మీద సంతకం పెట్టాక రేటు తగ్గిందని మధ్యలో మార్చేస్తే రేపు ఎవరు వచ్చి పెట్టుబడి పెడతారు? డబ్బులు ఆగిపోయినప్పుడు మా కంపెనీలో ముందు ఆగింది మా జీతాలే. రెండు నెలలు బండి కిస్తీ కట్టలేకపోయాను. చివరికి 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న రేటే ఇవ్వమంది.

బిల్లు_భయం
కోర్టు మాట కాదనను. కానీ అంత రేటుకి పాతికేళ్లు రాసిచ్చేటప్పుడే జాగ్రత్త పడాల్సింది. మా అమ్మ ఒక్కతే ఉంటుంది, ఒక ఫ్యాను, రెండు బల్బులు. పాత బాకీల సర్దుబాటు పేరుతో బిల్లు వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తుంది.

ఫిజిక్స్_మేడం
మీరిద్దరూ చెప్పింది పక్కపక్కన పెట్టి రాస్తే చాలు, ఏ జడ్జి అయినా ఆగి చదువుతారు. దయచేసి పార్టీల పేర్లలోకి మాత్రం వెళ్లొద్దు, థ్రెడ్ ఆగమవుతుంది.

సీమనాన్న
మేడం, మా అమ్మాయి అవి రెండూ నోట్‌బుక్కులో రాసుకుంది. అంకెల్లో పిల్లలు ఎక్కువగా ఎక్కడ తప్పు చేస్తారో కూడా చెప్పగలరా? తనకి ఆ 175 దెబ్బతో అంకెలంటేనే భయం పట్టుకుంది.

ఫిజిక్స్_మేడం
నాకు ఎక్కువగా కనిపించేవి చెప్తాను.

175 గిగావాట్లు 2015లో పెట్టుకున్న లక్ష్యం, గడువు 2022. అందులో సోలార్ 100, గాలి 60, బయోమాస్ 10, చిన్న జల విద్యుత్ 5. ఇప్పుడు రాయాల్సింది 2030కి 500 గిగావాట్లు, అది కూడా "శిలాజేతర" సామర్థ్యం. అంటే బొగ్గు, గ్యాస్, చమురు కానివన్నీ. పెద్ద డ్యాములు, అణు విద్యుత్ కూడా అందులోకి వస్తాయి. 2021 నవంబర్‌లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించారు.

అన్నిటికంటే పెద్ద తికమక సామర్థ్యానికీ ఉత్పత్తికీ మధ్య. 2025 మధ్యలో మన స్థాపిత సామర్థ్యంలో శిలాజేతర వాటా సగం దాటింది. 2030కి అనుకున్నది ఐదేళ్లు ముందే సాధించాం, గర్వపడాల్సిందే. వెంటనే పిల్లలు "దేశంలో సగం కరెంటు సౌరశక్తే" అని రాసేస్తారు. సోలార్ ప్లాంటు రోజుకి కొన్ని గంటలే పనిచేస్తుంది కదా, తయారయ్యే యూనిట్లలో ఇంకా బొగ్గుదే పెద్ద వాటా. క్లాసులో నేను ఇలా చెప్తాను: మీ ఇంట్లో బిందెలు పది ఉండొచ్చు, కుళాయి గంటే వస్తే ఎన్ని నిండుతాయి? బిందెలు సామర్థ్యం, నిండిన నీళ్లు ఉత్పత్తి. ఆ తర్వాత ఎవరూ తప్పు చేయరు.

కోతులతో_కష్టం
ఇంటి మీద సోలార్ సంగతి కూడా కలపమనండి. సూర్యఘర్ పథకంలో "అందరికీ 300 యూనిట్లు ఉచితం" అని రాస్తుంటారు. అలా కాదు. ప్యానెళ్లు మనం పెట్టుకోవాలి, 3 కిలోవాట్లకి కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తుంది. మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించాం, ఎండాకాలం నెలకి 350 యూనిట్ల పైనే వస్తోంది, బిల్లు దాదాపు లేనట్టే. కానీ మా పక్కవాటాలో అద్దెకుండే కుటుంబానికి ఆ దారి లేదు. పైకప్పు వాళ్లది కాదు కదా.

ఇంకా మా ఊళ్లో కోతులు ప్యానెళ్ల మీద జారుడుబండ ఆడతాయి. కోతుల విధానం కూడా ప్రకటించాలి.

మార్కాపురం_మధు
కోతుల విధానానికి నా ఓటు 😄

డల్లాస్_రావు
ఇరవై ఏళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను, సొంతూరు కోదాడ. సీనుగారు చెప్పిన గాలి లెక్క ఇక్కడా అంతే. అమెరికాలో గాలి కరెంటులో టెక్ససే మొదటిది. పశ్చిమాన గాలి, తూర్పున ఊళ్లు. 2005లో చట్టం చేసి, దాదాపు 7 బిలియన్ డాలర్లు పెట్టి ముందు లైన్లు వేశారు. లైన్లు వచ్చాక మరలు వాటంతట అవే వచ్చాయి.

కానీ నేను రాయాలనుకున్నది అది కాదు, అవ్వ మేకల గురించి. ఇక్కడ సోలార్ పొలాల్లో గడ్డి పెరిగితే ప్యానెళ్ల మీద నీడ పడుతుంది, కోయించడానికి ఖర్చు. అందుకని కొన్ని కంపెనీలు గొర్రెల కాపరులతో ఒప్పందం పెట్టుకుంటాయి. మందని లోపలికి వదులుతారు, పైగా మేపినందుకు కాపరికే డబ్బులిస్తారు! మా ఇంటికి గంట దూరంలో ఒకటి చూశాను. మిట్టమధ్యాహ్నం వందల గొర్రెలు ప్యానెళ్ల నీడలో వరసగా పడుకున్నాయి, ఫొటో తీసి మా నాన్నకి పంపాను. అదే కంచె, గేటు తెరిస్తే చాలు. మన పార్కుల టెండర్లలో "ఊరి మందలకు లోపల మేత హక్కు" అని ఒక షరతు పెడితే?

తెలుగు_పంతులు
ఇదీ! ఇదే నేను అడిగింది. ఏ నిబంధన మారాలో చెప్పే ఒక్క వాక్యం. అమ్మాయి పాత వ్యాసం మొత్తం ఉంచుకుని దీన్ని చివర్లో పెట్టవచ్చు.

సీమనాన్న
రావుగారూ, ఇది చదివి మా అమ్మాయి కుర్చీలోంచి లేచిపోయింది. రాత్రికే రాస్తానంటోంది. నిజంగా థాంక్స్ అండీ.

పాలమూరు_మంద
కొంచెం ఆగండి. మాది తాతల నుంచి గొర్రెల మంద. రావుగారు చెప్పింది గొర్రెల గురించి. అవ్వ దగ్గర ఉన్నవి మేకలు. రెండూ ఒకటి కాదు.

గొర్రె తల దించుకుని గడ్డి మేస్తది. మేక తల ఎత్తుకుని ఆకు వెతుకుతది, ముందు కాళ్లు దేనిమీదైనా ఎత్తి పెడతది. ప్యానెల్ కనపడితే ఎక్కి కూర్చుంటది, వైరు కనపడితే కొరుకుతది. ఏ కంపెనీ మేకను లోపలికి రానీయదు, రానీయకపోవడం న్యాయమే.

గొర్రెల్లో కూడా తేడా ఉంది. మనకు ఇటు ఎక్కువ ఉండేది నెల్లూరు గొర్రె. దేశంలో అంత ఎత్తు గొర్రె ఇంకోటి లేదు. దక్కని గొర్రె దానికంటే పొట్టి. ప్యానెల్ కింది అంచు నేల నుంచి మోకాలి ఎత్తులోనే ఉంటే నెల్లూరు గొర్రెకు వీపు తగులుతది, ఆ సందున నడవదు. మేత హక్కు ఒక్కటే రాస్తే సరిపోదు, అంచు ఎంత ఎత్తులో ఉండాలో కూడా రాయాలి. అది కట్టకముందే అనుకోవాలి, కట్టినంక స్టాండ్లు లేపలేరు.

గాలిమర_సీను
అన్నా, ఎత్తు పెంచితే ఇనుము ఎక్కువ, గాలికి ఒత్తిడి ఎక్కువ. ఖర్చు పెరుగుతుంది, యూనిట్ రేటు మీద పడుతుంది.

పాలమూరు_మంద
పడనీయండి తమ్ముడూ. ఊరి బీడు పోయిన ఖర్చు ఇప్పుడు ఎవరి మీద పడుతోంది? అవ్వ కాళ్ల మీద పడుతోంది. రోజుకు నాలుగు మైళ్లు.

బిల్లు_భయం
రేట్ల మీద నేనెప్పుడూ వాదిస్తాను కానీ, ఇక్కడ మందన్నకే నా ఓటు.

ఫిజిక్స్_మేడం
నాకు తెలియని విషయాలు ఇన్ని ఒక్క థ్రెడ్‌లో! అమ్మాయి వెంటనే అవ్వ దగ్గరికి వెళ్లి అడగాలి. గొర్రెలకు మారడం ఇష్టమేనా అని. ఆవిడ తరఫున మనమే నిర్ణయించేస్తున్నాం.

గుంటూరు_కోచింగ్
ఇప్పుడు నేనూ ఒప్పుకుంటున్నాను, ఇది బట్టీ వ్యాసం కంటే బాగుంటుంది. ఒక్క సలహా మాత్రం వినండి. వెయ్యి పదాలే. అవ్వ, మేత, ఎత్తు చాలు. ఒప్పందాలు, కోతులు, పంప్డ్ స్టోరేజ్ అన్నీ కలిపితే కిచిడీ అవుతుంది. మొదటి పేరాలో అవ్వ నడక, రెండో పేరాలో అంకెలు.

సబ్‌స్టేషన్_సుబ్బయ్య
కోచింగ్ సార్ మాట వినండమ్మా. నా సాయంత్రం లోడు తీసేసినా ఏమీ అనుకోను. రైతు పగటి కరెంటు ఒక్క వాక్యం ఉంచు, లేకపోతే సోలార్ వద్దంటున్నావని అనుకుంటారు.

సీమనాన్న
ఆదివారం ఊరెళ్లి వచ్చాం. తను టేపు పట్టుకెళ్లింది. కంచె బయట నుంచే, దగ్గరగా ఉన్న వరస అంచు అంచనాగా కొలిచింది. గేటు దగ్గర ఉండే వాచ్‌మన్ మంచివాడు, లోపలి వరసది ఆయనే కొలిచి చెప్పాడు. రెండడుగులకి కాస్త పైన. పొద్దున్నే ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లు బయటకి వస్తుంటే వాళ్లతోనూ మాట్లాడింది. అద్దం వేడెక్కకముందే కడగాలట, అందుకే తెల్లవారకముందే వస్తారట. వాళ్లలో ముగ్గురు ఒకప్పుడు అదే బీట్లో మేకలు మేపినవాళ్లే.

కొత్త వ్యాసం మొదటి పేరా తన మాటల్లోనే పెడుతున్నాను:

"మా అవ్వ రోజూ పొద్దున కంచె వెంబడి నడుస్తుంది. కంచెకు అటువైపు గడ్డి నడుము ఎత్తు పెరిగి ఉంటుంది. దాన్ని కోయడానికి మనుషులకు కూలి ఇస్తారు. ఇటువైపు మేకలు ఆ గడ్డిని చూస్తూ నడుస్తాయి. మధ్యలో ఉన్నది ఒక్క తీగ. ఆ తీగ గురించి మన విధానంలో ఒక్క మాట కూడా లేదు."

తెలుగు_పంతులు
నూట నలభై పేపర్ల మధ్యలో ఇది ఉన్నా చెయ్యి ఆగుతుంది. ఒక్క మార్పు. "ఒక్క మాట కూడా లేదు" అనాలంటే రాష్ట్రం 2024లో తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీ మొత్తం చదివి అనాలి. చదివాకే ఆ వాక్యం ఉంచమనండి.

సీమనాన్న
డౌన్‌లోడ్ చేసుకుని కూర్చుంది, పెన్సిల్‌తో గీతలు గీస్తోంది.

పాలమూరు_మంద
అవ్వ ఏమంది? గొర్రెల సంగతి అడిగారా?

సీమనాన్న
అడిగింది. మా అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మేకయితే ఈతకు రెండేసి పిల్లలు వేస్తుంది, పొద్దున టీలోకి పాలిస్తుంది. గొర్రె పాలు టీలోకి వస్తాయా? సరే, మారతాననుకో. కొనడానికి డబ్బెవరిస్తారే?" అంది.

పాలమూరు_మంద
సరైన ప్రశ్న. 2017లో తెలంగాణలో 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చిన పథకం ఉండె. సోలార్ పార్కు చుట్టుపక్కల ఊళ్లకు అట్లాంటిది అడగవచ్చు. రాయమనండి.

సీమనాన్న
చెప్పానన్నా. మూడో పేరా మళ్లీ మొత్తం మార్చాలంట. పదకొండున్నర అయింది, పడుకోమన్నా వినట్లేదు.